మూడు స్టేషన్ల ఈనక్

బ్రాక్‌డెన్ ఊళ్ళో ఈనక్ థ్రెల్‌ఫాల్ ముందు ఎవరైనా పొరపాటున “స్టేషను” అన్నారో, ఆ పూట వాళ్ళ పని సరి. ఆయన టోపీ సర్దుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, “ఏ స్టేషను?” అని అడిగేవాడు. ఊళ్ళో ఉన్నది ఒకటే. కానీ చరిత్రలో మూడు. ఆ మూడింటి పుట్టుకా, పెరుగుదలా, చావూ చెప్పి ముగిస్తే గాని ఆయన ఎదుటివాడి కోటు గుండీ వదిలేవాడు కాదు.

నిజానికి అందులో ఆయన తప్పేమీ లేదు. నలభై ఒక్క ఏళ్ళు టికెట్టు కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఆ కిటికీ ఎంత చిన్నదంటే, అవతలివాళ్ళ ముక్కూ మూడు వేళ్ళూ తప్ప ఇంకేమీ కనపడవు. అన్నేళ్ళూ “ఎక్కడికి? తిరిగొస్తారా?” అన్న రెండు ముక్కలు తప్ప ఇంకో మాటకు వీల్లేదు. ఉద్యోగం అయిపోయేసరికి లోపల పేరుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి.

ఒకసారి పొరుగూరి పెద్దమనిషి ఎవరో పెట్టె పట్టుకుని, “అయ్యా, స్టేషనుకు దారెటు?” అని ఆయన్నే అడిగాడు పాపం. ఈనక్ ఆయన్ని ముందు కాలువ గట్టుకు తీసుకెళ్ళి బొగ్గులు పోసుకునే దొడ్డి చూపించాడు. అది మొదటి స్టేషను. తరువాత సంత వీధిలో తివాచీల దుకాణం చూపించాడు. అది రెండోది. మూడోదాని దగ్గరికి చేరేసరికి ఆ పూట ఆఖరి బండి వెళ్ళిపోయింది. ఆ పెద్దమనిషి మళ్ళీ బ్రాక్‌డెన్ రాలేదు. పళ్ళ డాక్టరైనా ఈనక్‌ను నోరు తెరవమని జీవితంలో ఒకే ఒక్కసారి అన్నాడు.

ఇక ముసలి జోసెఫ్ హ్యాకింగ్ పోయినప్పుడు, ప్రార్థన మందిరంలో బోధకుడు గొంతు జీరపోయి, “మన సోదరుడు తన ఆఖరి స్టేషను చేరుకున్నాడు” అన్నాడు. వెనక బెంచీ నుంచి “ఏ స్టేషను?” అని మెల్లిగా వినపడింది. శవపేటిక పక్కన కూర్చున్న జోసెఫ్ భార్య చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకోవడానికని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం తరువాత చెప్పింది, ఆ వారమంతటిలో తాను నవ్వింది అప్పుడేనని.

విన్నీ బెయిర్‌స్టో ఈ సంగతులకు నవ్వేది కాదు. ఆమెకు నవ్వే తీరిక లేదు.

అది 1963. ఊళ్ళో పదకొండు మిల్లు గొట్టాలుంటే మూడింటి నుంచే పొగ వస్తున్నది. తక్కినవి వానలో ఊరికే నిలబడి ఉన్నాయి. విన్నీ ఆ మూడింటిలో ఒక మిల్లులో నాలుగు మగ్గాలు చూసుకునేది. ఆమె భర్త క్లిఫర్డ్ అదే మిల్లులో దూది ఏకే గదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఆ గది గాలిలో తేలే దుమ్మంతా కొంచెం కొంచెంగా అతని ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఇప్పుడతను పద్నాలుగు మైళ్ళ అవతల మూర్‌హెడ్ ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, నాలుగు దిండ్లకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. ఒక మాట అనాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి.

ఆసుపత్రివాళ్ళు చూడ్డానికి రానిచ్చేది వారంలో రెండు రోజులే. బుధవారం, ఆదివారం, రెండింటి నుంచి నాలుగు దాకా. ఆదివారం ఆ దారిలో బండి లేదు. దేవుడి దినాన బండి తిరగరాదని ఈ ఊరి మందిరం పెద్దలే ఎప్పుడో పట్టుబట్టి ఆపించారట. ఇక మిగిలింది బుధవారం. ఆ రోజు విన్నీకి సగం పూట సెలవు. కానీ మిల్లు గేటు పన్నెండున్నర కూత పడితే గాని తెరవరు. బండి పన్నెండూ నలభైకి. గేటు నుంచి కాలువ గట్టు వెంట పరిగెత్తి, స్టేషను మెట్లు నూటపన్నెండూ ఎక్కేసరికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఎంత గబగబా ఎక్కినా పద్నాలుగే.

అందుకే విన్నీ ప్రతి బుధవారం ఆ మెట్ల మీద ప్రార్థన చేసేది. “ప్రభువా, నాలుగు నిమిషాలు. నీకు లెక్కలోది కాదు కదా, నాలుగే.” చేతిలో క్లిఫర్డ్‌కు ఇష్టమైన అల్లం కేకు పొట్లం. కాళ్ళకు ఇంకా నూలు పోగులు అంటుకునే ఉండేవి.

రెండేళ్ళలో ఒక్క బుధవారమూ ఆ ప్రార్థన వృథా పోలేదు. పైకి వచ్చేసరికి బండి ఉండేది. పెట్టె తలుపు బార్లా తెరిచి, మెట్టు మీద ఒక కాలు వేసి, ఈనక్ థ్రెల్‌ఫాల్ ఉండేవాడు. ఎదురుగా ఆకుపచ్చ జెండా చంకలో పెట్టుకుని, ఏడుపు ముఖంతో గార్డు సేత్ ఆర్మరాడ్ ఉండేవాడు.

“పద్దెనిమిది వందల నలభై తొమ్మిదిలో రెండో రైలు కంపెనీ దిగింది సేతూ. మొదటి కంపెనీకీ దీనికీ మాటల్లేవు. రెండు వందల గజాల దూరంలో ఇంకో స్టేషను కట్టారు. దీని గడియారం దానికంటే అయిదు నిమిషాలు వెనక.”

“తలుపు వెయ్యండి ఈనక్ గారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఒక కాలు మెట్టు మీదుంది, పట్టుకోకు, పడిపోతాను. ఆ బండి దిగి ఈ బండి ఎక్కాల్సినవాడు వానలో పెట్టె నెత్తిన పెట్టుకుని…”

“తలుపు తెరిచుండగా నేను జెండా ఊపకూడదండీ!”

“ఊపకూడదు. రూలు. నలభై ఒక్క ఏళ్ళు చేశాను, నాకు తెలీదా? పరిగెత్తి పరిగెత్తి వచ్చేసరికి…”

అప్పుడు విన్నీ రొప్పుకుంటూ వచ్చి ఎక్కేది. ఈనక్ టోపీ ఎత్తి, కాలు తీసి, తలుపు మెత్తగా మూసేవాడు. “మిగతాది వచ్చే బుధవారం చెబుతాలే సేతూ.” సేత్ ఏదో గొణుక్కుంటూ ఈల వేసేవాడు.

బండి కదిలాక విన్నీ కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టుకునేది. ఈ వాగుడుకాయ ముసలాయన నోరు ఊరుకోకపోవడం తన అదృష్టమనీ, ఇంకొకరి విసుగు మీద తన పని గడుస్తున్నదనీ అనుకుని కొంచెం సిగ్గుపడేది కూడా.

మూడో స్టేషను కథ ఆమె ముక్కలు ముక్కలుగా విన్నది. 1872లో కొత్త దారి వేసేటప్పుడు స్టేషనును ఊరి నడుమ కడదామన్నారట. అక్కడి భూమి జమీందారుది. పొగ వస్తే తన గులాబీలు నల్లబడతాయని ఆయన అమ్మనన్నాడు. అందుకని కొండ మీద కట్టారు. “ఒక్క మనిషి గులాబీల కోసం ఊరంతా తొంభై ఏళ్ళ నుంచి నూటపన్నెండు మెట్లు ఎక్కుతోందమ్మా. పోనీ ఆ గులాబీలన్నా బాగుపడ్డాయా అంటే, చీడ పట్టి పోయాయి” అనేవాడు ఈనక్. ఈ ఒక్క కథే విన్నీకి ఆయన చెప్పినవాటిలో నచ్చింది.

ఆ అక్టోబరులో టికెట్టు కిటికీ పక్కన కాగితం అంటించారు. బండ్లు నష్టంలో నడుస్తున్నాయి గనుక మూడో స్టేషను కూడా మూసేస్తారు. అభ్యంతరాలుంటే విచారణకు వచ్చి చెప్పుకోవచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. బండి పోతే ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతుందో అది మాత్రమే వింటారు, మరేదీ వినరు.

విన్నీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. రెండోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

“నువ్వు వెళ్ళి చెప్పాలే” అన్నది పక్క మగ్గాల ఎడా పికప్. మగ్గాల మోతలో మాట వినపడదు గనుక పెదవులతోనే అన్నది. ఆ ఊళ్ళో మిల్లు ఆడవాళ్ళందరూ అలాగే మాట్లాడుకుంటారు. గది ఈ చివరా ఆ చివరా నిలబడి, గొంతు లేకుండా, పెదవులు సాగదీసి, ఒకరి ఇంటి గుట్టు ఒకరు చెప్పుకోగలరు.

“ఏం చెప్పను? మా ఆయనకు ఊపిరి ఆడడం లేదని ఊరందరి ముందూ చెప్పనా?” అన్నాయి విన్నీ పెదవులు.

“చెబితే ఏమవుతుంది?”

“ఆయన తల ఎత్తుకోలేడు. ఇంతవరకు మేం ఒకళ్ళని ఏదీ అడగలేదు ఎడా.”

ఎడా పోగు ముడి వేస్తూ, “అడక్కపోతే పోయేది బండి కాదు, బుధవారం” అన్నది. విన్నీ తల తిప్పేసుకుంది. తల తిప్పుకుంటే ఆ ఊళ్ళో మాట వినిపించుకోనట్టే.

విచారణను ప్రార్థన మందిరం పక్కనున్న బడి హాల్లో పెట్టారు. బయట వాన. లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, దగ్గులు. మిల్లు ఆడవాళ్ళు నలభైమంది దాకా వరసగా కూర్చున్నారు. విన్నీ చివరి వరసలో ఎడా పక్కన, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

మొదట లేచింది ఈనక్. ఆదివారం కోటు వేసుకుని, నలభై ఏడు పేజీల కట్ట తెచ్చాడు. హాలంతా ఒక్కసారి మూలిగింది.

“నేను స్టేషను గురించి…” అని మొదలుపెట్టి, అలవాటు కొద్దీ తనను తానే, “ఏ స్టేషను?” అని అడిగేసుకున్నాడు.

విచారణ అధ్యక్షుడు కలం కింద పెట్టాడు. “థ్రెల్‌ఫాల్ గారూ, ఇది ఎప్పటి సంగతి?”

“పద్దెనిమిది వందల నలభై ఒకటండీ.”

“అప్పటివాళ్ళ ఇబ్బంది ఇప్పుడు మేం తీర్చలేం. కూర్చోండి.”

హాలు గొల్లున నవ్వింది. ఈనక్ కట్టను గుండెకు హత్తుకుని, అధ్యక్షుడి బల్ల పక్క బెంచీ మీద జనానికి ఎదురుగా కూర్చున్నాడు. నలభై ఏడు పేజీల్లో మొదటి వాక్యమైనా చదవనివ్వలేదు.

తరువాత రైల్వే తరఫు అధికారి లేచాడు. సన్నని మీసం, సన్నని గొంతు. “ఈ దారి మీద బండ్లు వేళకు నడవడం లేదు కూడా. బుధవారం పన్నెండూ నలభై బండినే చూడండి. నూటరెండు బుధవారాలు వరసగా నాలుగు నిమిషాలు ఆలస్యం. గార్డు పుస్తకంలో కారణం రాసి ఉంది, చదువుతాను. ‘ప్రయాణికుడు కాని థ్రెల్‌ఫాల్. తలుపు మూయనివ్వలేదు. చరిత్ర.’ తరువాతి వారం, ‘థ్రెల్‌ఫాల్. చరిత్ర.’ ఆ తరువాత, ‘చరిత్ర.’ గత ఏడాది నుంచి ఉత్త ‘చ’ అని రాసి ఉంది.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరస నుంచి మాంసం కొట్టు ఆసామి లేచి వెనక్కి తిరిగాడు. “విన్నారా? వాళ్ళ చేతికి కత్తి ఇచ్చింది వీడే! ఒరే ఈనకూ, నీ వాగుడుతో చంపావు కదరా స్టేషన్ని!”

“పోనీ చెప్పవయ్యా, ఎందుకు చేశావు?” అన్నాడు ఇంకెవరో.

గార్డు సేత్ కూడా లేచాడు. పాపం అతని ముఖంలో కోపం కంటే జాలే ఎక్కువ ఉంది. “బుధవారమే ఎందుకండీ ఈనక్ గారూ? తక్కిన రోజుల్లో మీరు ప్లాట్‌ఫారం మీదికే రారు కదా?”

ఈనక్ నోరు విప్పలేదు. ఆయన నోరు మూసుకోవడం ఆ ఊరు చూసింది అదే మొదటిసారి. తల వంచుకుని, కళ్ళు మూసుకుని, మందిరంలో చేసినట్టే మెల్లిగా పెదవులు కదిపాడు. గొంతు బయటికి రాలేదు.

ఎంతైనా ఈనక్ రైల్వే మనిషి, మిల్లు మనిషి కాడు. ఆయన ఒక్క సంగతి మరిచిపోయాడు. ఎదురుగా కూర్చున్నది నలభైమంది మిల్లు ఆడవాళ్ళు.

“ప్రభువా, ఆ అమ్మాయి పేరు నా నోట రానివ్వకు. ఆ నాలుగు నిమిషాలు ఆమె కోసమని తెలిస్తే సిగ్గుతో మళ్ళీ మెట్లెక్కదు. సేత్‌కు చెబుదామంటే, తెలిసి బండి ఆపితే వాడి ఉద్యోగం పోతుంది. ముగ్గురు పిల్లలు. నేనంటావా, ఎటూ పిచ్చివాణ్ణే. ఆ మాట నా మీదే ఉండనివ్వు. క్లిఫర్డ్‌ను చల్లగా చూడు. ఆమేన్.”

నలభై తలలు ఒకేసారి చివరి వరస వైపు తిరిగాయి.

విన్నీ కూడా ఆ పెదవులు చదివింది. నూటరెండు బుధవారాలు. తను దేవుణ్ణి అడిగినవి నాలుగు నిమిషాలు, పుస్తకంలో ఉన్నవి నాలుగు నిమిషాలు. దేవుడు వాటిని సూటిగా ఆకాశం నుంచి పడెయ్యలేదు. ఊరంతా చూసి తప్పుకుపోయే ఒక ముసలాయన కాలు మెట్టు మీద పెట్టించి, వానలో, గార్డు చేత తిట్లు తినిపిస్తూ ఇప్పించాడు. ఆ మనిషికి ఆమె ఇన్నాళ్ళలో ఒక్క నమస్కారమైనా సరిగ్గా పెట్టలేదు.

ఆమె లేచింది. 

“అయ్యా, ఆ ఆలస్యం నాదండీ” అన్నది. ఆ తరువాత మిల్లు కూత సంగతీ, మెట్ల సంగతీ, నాలుగు దిండ్ల సంగతీ చెప్పింది. క్లిఫర్డ్ ఊపిరి గురించి ఎంత తక్కువ మాటల్లో చెప్పవచ్చో అంత తక్కువలో చెప్పింది. “నాకు వారానికి రెండు గంటలు దొరుకుతాయండి ఆయనతో. ఈ బండి పోతే అవీ పోతాయి. అంతేనండి.”

 అధ్యక్షుడు ఆ పూటకు మొదటిసారి కలం తీసి రాసుకున్నాడు. మాంసం కొట్టు ఆసామి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

బయటికి వచ్చాక ఈనక్ ఆమె దగ్గరికి కోపంగా వచ్చాడు. “ఎందుకు చెప్పావమ్మా? నేనేదో తంటాలు పడుతున్నాను కదా.”

“మీరు ప్రార్థన మనసులో చేసుకోవాల్సింది థ్రెల్‌ఫాల్ గారూ.”

“మనసులోనే చేశాను!”

“మీ మనసు పెదవుల మీదుంది” అన్నది ఎడా. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తరువాత కొన్నాళ్ళు మిల్లు ఆడవాళ్ళు ఎదురైనప్పుడల్లా అలాగే పెట్టుకునేవాడు.

ఇంత జరిగినా స్టేషను దక్కలేదు. మూడు నెలల తరువాత తీర్పు కాగితం వచ్చింది. ఒక్క మనిషికి ఇబ్బంది ఉన్న మాట నిజమేననీ, దాన్ని తీర్చడానికి బుధవారం ఒక బస్సు వేస్తున్నామనీ రాశారు. బండికి బదులు గనుక, బండి బయలుదేరే చోటి నుంచే, బండి వేళకే బస్సు. అంటే కొండ మీద, మూసేసిన స్టేషను ముందు నుంచి, పన్నెండూ నలభైకి. మెట్లు అవే నూటపన్నెండు. తక్కువపడే నిమిషాలు అవే నాలుగు. కాగితం రాసినవాళ్ళు ఎన్నడూ ఆ మెట్లు ఎక్కలేదు.

ఆఖరి బండి వెళ్ళిన రోజున ఈనక్ ప్లాట్‌ఫారం చివర టోపీ తీసి నిలబడ్డాడు.   మరునాడు కిటికీలకు చెక్కలు కొట్టేశారు.

మొదటి బుధవారం బస్సు డ్రైవరు లెస్ హిండిల్ అనే కొత్తవాడు. ఈనక్ మెట్టు మీద కాలు పెట్టి, “పద్దెనిమిది వందల నలభై ఒకటిలో…” అన్నాడో లేదో, లెస్ బస్సు కదిలించేశాడు. “పెద్దాయనా, నాకు చరిత్ర పడదు” అని కేక వేసుకుంటూ వెళ్ళిపోయాడు. విన్నీ పైకి వచ్చేసరికి రోడ్డు మీద పొగ ఉంది, బస్సు లేదు. ఇద్దరూ వానలో నిలబడ్డారు. ఈనక్ అల్లం కేకు పొట్లం వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు. ఆ బుధవారం క్లిఫర్డ్ పక్క కుర్చీ నాలుగు దాకా ఖాళీగా ఉంది.

తరువాతి బుధవారం విన్నీ ప్రార్థన కూడా చేయలేదు. ఎక్కడం మాత్రం ఎక్కింది. తొంభయ్యో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంజను చప్పుడు వినపడింది. పైకి వచ్చి చూస్తే బస్సు ఉంది. డ్రైవరు సీట్లోంచి సగం బయటికి వంగి, చేతులు ఊపుతూ, కళ్ళు మెరిపిస్తూ మాట్లాడుతున్నాడు. ఈనక్ మెట్టు మీద ఒక కాలు వేసి, చంకలో పావురాల పెంపకం మీద గ్రంథాలయం పుస్తకం ఇరికించుకుని, పరీక్షకు కూర్చున్నవాడిలా చెమటలు కక్కుతున్నాడు.

“అయితే లెస్ బాబూ, ఆడ పావురం గుడ్ల మీద ఉన్నప్పుడు పందేనికి పంపితే, ఇంకా తొందరగా గూటికి వస్తుందంటావా?”

“రాదా మరి! గూడు మీద మనసుంటే దానికి ఎదురుగాలి లెక్కేమిటి పెద్దాయనా! మా నీలిరంగుది పోయిన నెల ఫ్రాన్సు నుంచి ఒక్క పూటలో…”

“ఆహా. ఫ్రాన్సు నుంచే! మరి దాని మేత సంగతి కాస్త వివరంగా చెప్పు.”

తొంభై ఏళ్ళకు పైగా స్టేషను పైకప్పును పాడుచేసిన జాతి గురించి ఆయన అంత మర్యాదగా మాట్లాడడం విన్నీ ఎప్పుడూ వినలేదు. ఆ సంభాషణ మొత్తంలో స్టేషను అన్న మాటే రాలేదు. ఆమె దగ్గరికి వచ్చి, ఈసారి తల ఎత్తి, ఆయన కళ్ళలోకి చూసి, “నమస్కారం థ్రెల్‌ఫాల్ గారూ” అన్నది.

ఈనక్ కాలు తీసి, ఆమెకు చెయ్యి అందించాడు. డ్రైవరుకు వినపడకుండా పెదవులతో మాత్రమే అన్నాడు:

“త్వరగా ఎక్కమ్మా. ఇంకో నిమిషం ఆలస్యమైతే నాకు పావురాలంటే ఇష్టం పుట్టేట్టుంది.”